గడియ చప్పుడు

హబ్సిగూడ లాబులో నా పని
ఎలుకల లెక్క రాయడం.
ఏ బోనులో ఎన్ని ఈనాయి,
ఏ పిల్ల ఎన్ని గ్రాములు,
చప్పట్లు కొడితే ఏది ఎంత ఎత్తు ఎగిరింది.

సూది గుచ్చింది అమ్మమ్మ ఎలుకకి.
చూలుతో ఉన్నప్పుడు, ఏడు రోజులు,
భయం పుడితే ఒంట్లో ఊరే రసాన్నే
చుక్క చుక్కగా ఎక్కించాం.
ఆ తర్వాత ఎవరికీ ఏమీ చేయలేదు.
కూతురికి మేత పెట్టాం, మనవరాలికి మేత పెట్టాం.
అయినా మనవరాలు
బోను తలుపు తీసిన ప్రతిసారీ మూలకి నక్కుతుంది.
రిజిస్టరులో కారణం రాసే గడి లేదు.
రిమార్కుల్లో రాశాను: బెదురు.

మా అమ్మమ్మ నర్సవ్వకు ఎవరూ సూది గుచ్చలేదు.
అరవై తొమ్మిదిలో, కవాడిగూడలో,
ఆమెకు ఏడో నెల.
తాత మిల్లు షిఫ్టుకని పోయి
పదకొండు రోజులు ఇంటికి రాలేదు.
వీధిలో కర్ఫ్యూ. పొయ్యి మీద ఉత్త ఎసరు.
గడియ కదిలితే చాలు
పోలీసా, శవమా, ఆయనా?
పదకొండు రాత్రులు
ఆమె చెవి తలుపుకే అతుక్కుని పడుకుంది.
"గుండె కాదే బిడ్డా, కడుపు కొట్టుకునేది దడదడ" అనేది,
చింతచిగురు తుంచుతూ,
ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు.

తల్లికీ బిడ్డకీ నడుమ మాయ ఉంటుంది.
మా డాక్టరమ్మ పాఠంలో దానికొక కావలివాడు:
భయపు రసం వస్తే చాలావరకు అక్కడే విరిచేసి
ఏం జరగలేదు, పడుకో అంటాడు బిడ్డతో.
మాయ అంటే అదే మరి.
కానీ వరసగా పదకొండు రాత్రులు
డ్యూటీ ఎవడు చేస్తాడు?
కునుకు తీశాడేమో.

అమ్మ అప్పటికి ఏడు నెలల పిండం.
ఆమెలో గింజలన్నీ అప్పటికే పోసి ఉన్నాయి,
అందులో ఒకటి నేను.
ఇది కవిత్వం కాదు, బయాలజీ.
ఆ చీకటింట్లో ఉన్నది ఒక్కతే అనుకున్నారు
వాడకట్టు వాళ్లు.
ముగ్గురం ఉన్నాం.

అమ్మ పుట్టాక నిద్దట్లో ఉలిక్కిపడేదట.
"దడుసుకున్నది పిల్ల" అని
దర్గా దగ్గర దమ్ చేయించి,
నల్లదారానికి తాయెత్తు కట్టి,
ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేశారు.
ఘాటు రాలేదట.

నాకు తాయెత్తు లేదు.
కుక్కరు కూసినా, కొరియర్ అబ్బాయి బెల్లు కొట్టినా
ఒళ్లు ముందు లేస్తుంది, నేను తర్వాత.
మెట్రో తలుపులు మూసుకుంటే అరచేతులు తడుస్తాయి.
"మనుషుల్లో ఇంకా తేలలేదు,
నీది పెంపకంలో వచ్చిన అలవాటూ కావచ్చు"
అంటుంది డాక్టరమ్మ. కావచ్చు.
నన్ను ఎత్తుకున్నవీ ఆ ఉలిక్కిపడే చేతులే కదా.
ఏది నెత్తురో, ఏది ఊయలో
విడదీసే సూది మా లాబులో లేదు.

ఇప్పుడు నాకు ఐదో నెల.
ఆడో మగో చెప్పరు, నేను అడగను.
ఆడపిల్లయితే మాత్రం
దాని లోపల ఇంకెవరో కూడా
రోజూ నాతో ఉప్పల్ బస్సెక్కుతున్నారు, టికెట్ లేకుండా.

నిన్న ఒక తల్లి ఎలుకని చూశాను,
ఆ సూది వంశంలోదే.
పిల్లల్ని ఒకదాని తర్వాత ఒకటి నాకుతోంది,
అరగంట పాటు, తీరిగ్గా.
బరువులు రాయడం మరిచిపోయి తిట్లు తిన్నాను.

రాత్రి విఠల్‌కి ఆలస్యమైంది.
మెట్ల మీద అడుగులు.
గడియ ముట్టుకోకముందే బయట నిలబడి
రెండుసార్లు దగ్గాడు, జలుబేమీ లేకుండా.
ఎవరు నేర్పారు నీకిది, అన్నాను.
"మీ నాన్న. ఈ ఇంట్లో అంతే అన్నాడు."
నాన్నకు తాత చెప్పాడట.
పన్నెండో పొద్దున తాత వచ్చి తలుపు తోస్తే
అమ్మమ్మ నిలువునా కూలిపోయింది.
ఆ తర్వాత బతికినన్నాళ్లూ
దగ్గకుండా ఏ తలుపూ తీయలేదాయన.

దీనికీ రిజిస్టరులో గడి లేదు.

దీపం ఆర్పాక కడుపులో ఏదో కదిలింది.
ఉలికిపాటో,
ఊరికే పక్కకు తిరగడమో.